అమ్మమ్మ చెప్పే ‘అప్పట్లో’ ఏ సంవత్సరమో తేల్చడం ఎలా?

పెద్దవాళ్ళని “ఏ సంవత్సరంలో?” అని అడగొద్దు. తోచిన అంకె చెప్పేస్తారు, లేదంటే మాట ఆపేస్తారు. “ఉప్పెన నాటికి పెద్దమామయ్య చంకలో ఉన్నాడా, నడుస్తున్నాడా?” అని అడగండి. వాళ్ళ లెక్కంతా పిల్లల మీదే నడుస్తుంది.

పొడుగు నోటుబుక్కులో మూడు గళ్ళు గీయండి: సంవత్సరం, ఇంట్లో జరిగింది, బయట జరిగింది. మొదటిదీ మూడోదీ ముందే పెన్నుతో నింపుకోండి. కృష్ణా జిల్లా వాళ్ళయితే 1953 అక్టోబరు 1 ఆంధ్ర రాష్ట్రం, 1957 ఏప్రిల్ 1 అణాల బదులు నయాపైసలు, 1972-73 జై ఆంధ్ర ఉద్యమం, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 1983 రెండు రూపాయల కిలో బియ్యం. తెలంగాణ వాళ్ళకి 1948 సెప్టెంబరు పోలీసు యాక్షన్, 1969 ఉద్యమం. మధ్య గడి మాత్రం పెన్సిల్‌తోనే రాయండి, చాలాసార్లు చెరపాల్సి వస్తుంది.

ఎక్కువగా పొరపాటు పడేది తుపానుల దగ్గరే. 1977, 1990, 1996 ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. 1990ది మే నెల, ఎండాకాలం. మిగతా రెండూ నవంబరువే కాబట్టి “దీపావళి అయిపోయిందా?” అని అడగండి. 1977ది పండగ వెళ్ళిన వారానికి, 1996ది పండగకి నాలుగు రోజుల ముందు వచ్చాయి. “అణాల్లో కొన్నాం” అన్నంత మాత్రాన 1957కి ముందని రాసేయకండి. నయాపైసలు వచ్చాక కూడా చాలాకాలం పావలా, అర్ధణా లెక్కే నోట్లో నానింది.

తెలుగు సంవత్సరం పేరుతో “సర్వజిత్తులో పుట్టా” అంటే 1947-48. ఉగాదికి ముందు నెలలైతే 1948 వేయాలి. పాత భూమి కాగితాల్లో ఫసలీ (రెవెన్యూ లెక్క సంవత్సరం) కనిపిస్తే ఆ అంకెకి 590 కలపండి, ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది. బడి సర్టిఫికెట్‌లో జూలై 1 ఉంటే అనుమానించండి. చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీ కావచ్చు. అంతకన్నా అటక మీది ఇత్తడి బిందె నయం. అంచు కింద చింతపండుతో తోమితే చెక్కిన పేరూ, తేదీ బయటపడతాయి.

చూసిందీ విన్నదీ విడదీయడానికి “ఆ పూట ఏం వండారు?” అనండి. చూసినవాళ్ళు పొయ్యి ఆరిపోయిందో, కుండ కొట్టుకుపోయిందో చెబుతారు. పేపర్లో వార్తలా చెబితే పక్కన ‘వి’ అని గుర్తు పెట్టుకోండి.

ముప్పావు గంటకు మించి కూర్చోబెట్టకండి. పోయినవాళ్ళ మాట వస్తే పేరు రాసుకుని, ఆ రోజుకి నోటుబుక్కు మూసేయండి.