మాట లోతు, 14వ పాఠం: ‘డ్రై’లో ఏది లేదు?

క్రితం పాఠంలో ‘హెవీ’ చెప్పుకున్నాం. ఇంటిపనిగా ఇచ్చిన వాక్యాల్లో ఎక్కువమంది బోల్తాపడింది ‘హెవీ స్మోకర్’ దగ్గర. లావుపాటి మనిషి పొగ తాగుతున్నాడని రాశారు. కాదండీ, తెగ తాగేవాడని. బరువు మనిషిది కాదు, అలవాటుది. ఇక ఈ వారం మాటకొద్దాం: డ్రై.

ఇది మీకు కొత్త మాటేం కాదు. హోటల్లో మంచూరియా చెబితే సర్వరు అడిగే మొదటి ప్రశ్న ‘వెట్టా, డ్రైయా?’ అనే కదా. ఆ ప్లేటు దగ్గరే కాసేపు ఆగుదాం. డ్రై తెమ్మన్నా ముక్కల మీద సాసు నిగనిగలాడుతూనే ఉంటుంది, పట్టుకుంటే వేళ్లకు అంటుకుంటుంది. మరి దాన్ని డ్రై అని ఎందుకన్నారు? అడుగున గ్రేవీ లేదు గనక. అంతకు మించి ఏమీ లేదు.

డ్రై అంటే ‘పొడి’ అని ఒక్క అర్థమే బట్టీపడితే ఏమవుతుందో ఒకసారి విమానంలో చూశాను. వైన్ పోసే అమ్మాయి ‘స్వీట్ ఆర్ డ్రై?’ అంది. పక్క సీటు పెద్దాయన నా చెవి దగ్గరకొచ్చి, ‘పొడి రూపంలో కూడా ఇస్తారా మాస్టారూ? నీళ్లలో మనమే కలుపుకోవాలా?’ అన్నాడు. నవ్వాపుకున్నాను గానీ ఆయన తప్పేముంది? మన భాషలో పొడి అంటే తడి లేనిదీ, పిండి చేసిందీ రెండూను. ద్రాక్షరసం పులిసేటప్పుడు ఈస్టు అందులోని చక్కెరను తిని ఆల్కహాలుగా మారుస్తుంది. తీపి దాదాపు మిగలకుండా పులిస్తే అది డ్రై వైన్. గ్లాసు నిండా ద్రవమే, లేనిదల్లా తీపి.

అందుకని డ్రై కనబడగానే ‘ఏది పొడిగా ఉంది?’ అనుకోకండి. ‘ఉండాల్సింది ఏది లేదు?’ అని అడగండి. డ్రై క్లీనింగులో బట్టలు తడుస్తాయి, కాకపోతే నీళ్లలో కాదు, రసాయన ద్రావకంలో. లేనిది నీరు. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడు. సుమారు మైనస్ 78 డిగ్రీల దగ్గర అది కరగకుండా నేరుగా ఆవిరైపోతుంది, బల్ల మీద చెమ్మ మరక కూడా వదలదు. టార్చిలైటులో వేసే డ్రై సెల్లును చీల్చి చూస్తే లోపల తడి ముద్దే ఉంటుంది. లేనిది ఒలికిపోయే ద్రవం.

రైతు కుటుంబం నుంచి వచ్చినవాళ్లకు ఈ మాట ఇంకా దగ్గర. రెవెన్యూ కాగితాల్లో ‘వెట్’ అంటే మాగాణి, ‘డ్రై’ అంటే మెట్ట. కాలవల కింద పొలాలున్నవాళ్లు ‘ఇరిగేటెడ్ డ్రై’ అనే మాట కూడా వినుంటారు. నీళ్లు పెట్టిన పొడి ఏమిటని విడ్డూరంగా ఉంటుంది. వరికిలాగా మడిలో నీరు నిలవదు, అప్పుడప్పుడూ ఓ తడి ఇస్తారు, అంతే. దీనికి మనవాళ్లు పెట్టిన పేరు ‘ఆరుతడి’. ఇంగ్లీషు మాటకన్నా మన మాటే బాగుంది, ఆరడమూ తడవడమూ రెండూ అందులోనే ఉన్నాయి. పశువుల కొట్టంలోకి వెళితే ‘డ్రై కౌ’ అంటే ఒళ్లారిన ఆవు కాదు, వట్టిపోయిన ఆవు. లేనివి పాలు.

ఇప్పటిదాకా లేనిది ఏదో ఒక పదార్థం. ఇక్కణ్ణుంచి మాట కాస్త పక్కకు జరుగుతుంది. ఆగస్టు 15, అక్టోబరు 2 మన దగ్గర ‘డ్రై డే’లు. ఆ రోజు కుండపోత వాన కురిసినా డ్రై డేనే, లేనిది మందు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్య నిషేధం పెట్టినప్పుడు మనది ‘డ్రై స్టేట్’. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా దేశమంతటా నిషేధం నడిచింది. అది కావాలన్నవాళ్లను ‘డ్రైస్’ అనీ, వద్దన్నవాళ్లను ‘వెట్స్’ అనీ పిలిచేవారు.

‘డ్రై రన్’ మనకు కరోనా టీకా రోజుల్లో ఒంటబట్టింది. 2020 డిసెంబరు చివర్లో కృష్ణా జిల్లాలో రెండు రోజులు జరిపారు. పేరు నమోదు, వేచి ఉండే గది, టీకా బల్ల, ఆ తర్వాత అరగంట కూర్చోబెట్టడం, అన్నీ ఉన్నాయి. లేనిది టీకా ఒక్కటే. డ్రై రన్ అంటే ఇదీ అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మనుషుల మాటతీరు దగ్గరికి వస్తే జాగ్రత్త. ‘డ్రై లెక్చర్’ అంటే తిట్టు, ‘డ్రై హ్యూమర్’ అంటే మెచ్చుకోలు. లెక్చరులో లేనిది రసం. మనం నీరసంగా ఉందన్నా అసలు అర్థం అదే కదా. హ్యూమర్లో హాస్యం నిండుగా ఉంటుంది, లేనిది చెప్పేవాడి ముఖంలో నవ్వు. బస్సు మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది. దిగిన కండక్టరుతో మా ఊరి పోస్టుమాస్టరు ముఖం మామూలుగానే పెట్టి, ‘అయ్యో, అంత తొందరపడి రావడమెందుకయ్యా!’ అన్నాడు. అదీ డ్రై హ్యూమర్. దీనికి తెలుగులో ఒక్క ముక్కలో పేరు లేదు గానీ, సరుకు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉంది.

ఇక తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లేటప్పుడు పడే గోతులు. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఎన్నికల మీద వ్యాసంలో ‘శుష్క వాగ్దానాలు’ అన్నదాన్ని ‘డ్రై ప్రామిసెస్’ అని రాసింది. సంస్కృతం ప్రకారం సరే, ఇంగ్లీషువాడికి తెలియదు. అతని వాగ్దానాలు ఎండవు, ఖాళీ అవుతాయి: ‘ఎంప్టీ ప్రామిసెస్’. అలాగే పొడి అక్షరాలు ‘ఇనిషియల్స్’. మెట్టవేదాంతాన్ని మాత్రం నేనెప్పుడూ అనువదించను, తెలుగులోనే తిడతాను. పొడి దగ్గు ఒక్కటి ఏ మెలికా లేకుండా ‘డ్రై కాఫ్’.

డ్రై, డ్రైడ్ తేడా చాలా పుస్తకాలు అరపేజీ వివరిస్తాయి. తెలుగువాళ్లకు అంత అక్కర్లేదు. ఎండిన ఆకులు ‘డ్రై లీవ్స్’, ఎండబెట్టిన ఆకులు ‘డ్రైడ్ లీవ్స్’. చెట్టు కింద రాలినవి మొదటివి, అమ్మ చేటలో ఆరబోసిన కరివేపాకు రెండోది. ఈ లెక్కన మనం డ్రై ఫ్రూట్స్ అనేవాటిని ఇంగ్లండులో డ్రైడ్ ఫ్రూట్ అంటారు. మన దుకాణంలో మన మాటే అడగండి, లేకపోతే కొట్టువాడు వింతగా చూస్తాడు.

చెప్పిన సూత్రానికి లొంగనిది కూడా ఒకటుంది: ‘కట్ అండ్ డ్రైడ్’. ముందే తేల్చేసిన వ్యవహారం అని అర్థం. ఇక్కడ ‘ఏది లేదు?’ అని అడిగితే జవాబు రాదు. దీన్ని ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకోండి.

ఇంటిపని. వీటిలో ఏది లేదో ఒక్క మాటలో రాసి, ఆ తర్వాత తెలుగు చేయండి.

‘దేర్ వజ్ నాట్ ఎ డ్రై ఐ ఇన్ ద హాల్.’
‘హిజ్ మౌత్ వెంట్ డ్రై వెన్ దే కాల్డ్ హిజ్ నేమ్.’
‘ద కాంట్రాక్టర్ లెఫ్ట్ అస్ హై అండ్ డ్రై.’

మూడోది తేలకపోతే, నీళ్లు తీసేశాక ఒడ్డున చిక్కుకుపోయిన పడవను తలుచుకోండి. మొదటిదాన్ని ‘హాల్లో పొడి కన్ను లేదు’ అని రాసినవాళ్ల కాగితం వెనక్కి పంపుతాను. వచ్చే పాఠం ‘రా’, పచ్చి మామిడికాయ దగ్గర మొదలుపెడదాం.