బాలేలో విషాద ఘట్టం పండటం లేదా? ఎక్కడ చూడాలి, ఏం సరిచేయాలి

'జిజెల్' మొదటి అంకం చివర ఉన్మాద ఘట్టం. అడుగు ఒక్కటీ తప్పలేదు, లయ కుదిరింది, నర్తకి నిజంగానే కన్నీళ్ళు పెట్టుకుంది. అయినా వెనక వరసల్లో కూర్చున్నవాళ్ళ మనసుకు ఏమీ తగల్లేదు. ఇలాంటప్పుడు రిహార్సల్ గదిలో వినిపించే సలహా ఒకటే: "ఇంకా అనుభవించి చెయ్యి." ఆ మాట విని నర్తకి మరింత కష్టపడుతుంది, కనుబొమలు మరింత ముడిపడతాయి, ఫలితం మాత్రం మారదు. అనుభూతి లేక ఘట్టం చెడటం చాలా అరుదు. లోపం వెన్నులో ఉంటుంది, ఊపిరిలో ఉంటుంది, అడుగు వేసిన క్షణంలో ఉంటుంది. చాలాసార్లు అరగంట ముందే జరిగిపోయిన ఏదో చిన్న సంఘటనలో ఉంటుంది. ఇవన్నీ కంటికి కనిపించేవే, కాబట్టి సరిచేయగలిగినవే.

ఉదాహరణలు ఎక్కువగా జిజెల్ నుంచే ఇస్తాను. 1841 జూన్ 28న పారిస్ ఒపేరాలో కార్లొట్టా గ్రిసీ మొదటిసారి నర్తించిన ఈ బాలే నేటికీ నటనకు గట్టి పరీక్ష. కథ తెలియనివారి కోసం: పల్లెపిల్ల జిజెల్, సామాన్యుడి వేషంలో వచ్చిన ప్రభువు ఆల్బ్రెక్ట్‌ను ప్రేమిస్తుంది. అతనికి బథిల్డ్ అనే రాచకన్యతో నిశ్చితార్థం అయిపోయిందని అందరి ముందూ బయటపడుతుంది. జిజెల్ మతి చలించి చనిపోతుంది.

ముఖం ఏడుస్తోంది, ఒళ్ళు ఏడవటం లేదు

లక్షణం: దగ్గరి నుంచి ఫోనులో తీసిన వీడియో బాగుంటుంది. బాల్కనీ నుంచి చూస్తే మాత్రం ఏ భావమూ అందదు.

కారణం: బాలే శిక్షణ చిన్నప్పటి నుంచీ ఒంటిని పైకి లాగి పట్టుకోమంటుంది. ఛాతీ ఎత్తి, మెడ సాగదీసి, భుజాలు దించి నిలబడిన మనిషి దూరానికి ధీమాగా కనిపిస్తుంది. ఆ నిలుపు మీద ఏడుపు ముఖం పెడితే ఒకటి చెప్పినదాన్ని ఇంకొకటి చెరిపేస్తుంది. లండన్ రాయల్ ఒపేరా హౌస్‌లో రెండు వేలకు పైగా సీట్లున్నాయి. అక్కడ పై వరసకు కనుబొమ అందదు, వెన్ను అందుతుంది. అద్దం కూడా ఒక కారణమే. ఏళ్ళ తరబడి అద్దంలో తమను తాము చూసుకుంటూ నేర్చుకున్నవారి చూపు వేదిక మీద కూడా అంతే దూరంలో, అంతే ఎత్తులో ఆగిపోతుంది. ఆ చూపులో ఎదుటి మనిషి ఉండడు.

పరిష్కారం: ఘట్టం మొత్తాన్ని ఒకసారి ప్రేక్షకులకు వీపు పెట్టి చేయించండి, గదిలో ఎంత దూరం వీలైతే అంత దూరం నుంచి చూడండి. దుఃఖం అర్థమైతే ముందుకు తిరగవచ్చు. అర్థం కాకపోతే వరుస మార్చాలి: ముందు ఊపిరి వదలాలి, దాంతో రొమ్ము ఎముక కొద్దిగా లోపలికి పోవాలి, ఆ తర్వాత తల, చివరగా చేతులు. తల ముందుగా వాలితే అలసటలా ఉంటుంది. ఛాతీ ముందుగా కుంగితే దెబ్బ తగిలినట్టు ఉంటుంది. పొత్తికడుపు పట్టు మాత్రం ఎక్కడా వదలకూడదు, వదిలితే తర్వాతి అడుగు నిలవదు. ఎపోల్మాఁ, అంటే భుజాలు, తల తిరిగే తీరు, అందం కోసం నేర్పే అలంకారమని చాలామంది అనుకుంటారు. ఎవరి వైపు వెళుతున్నాం, ఎవరిని తప్పించుకుంటున్నాం అన్నది చెప్పేది అదే.

నృత్య దర్శకుడు మిఖాయిల్ ఫోకిన్ 1914 జూలైలో లండన్ 'టైమ్స్' పత్రికకు రాసిన లేఖలో ఈ సంగతే పెట్టాడు: చేతి సైగలు సరిపోవు, మనిషి తల నుంచి పాదం దాకా పలకాలి. ఆయన నర్తకి అన్నా పావ్లోవా కోసం కూర్చిన 'మరణిస్తున్న హంస'లో పెద్ద అడుగులు దాదాపు లేవు. మునివేళ్ళ మీద చిన్న చిన్న అడుగులు, వాటి పైన వీపూ చేతులూ. ప్రాణం పోవడమంతా ఆ వీపులోనే జరుగుతుంది.

కూచిపూడి నేర్చుకుని తర్వాత బాలేకు వచ్చిన పిల్లలు ఇప్పుడు విదేశాల్లోని తెలుగు కుటుంబాల్లో ఉన్నారు. వారికి ఒక మాట. "యతో హస్తస్తతో దృష్టిః" అని చెయ్యి వెంట చూపును పంపడం మీకు అలవాటైన విద్య. మైమ్ ఘట్టాల్లో, అంటే మాటల్లేకుండా సైగలతో కథ చెప్పే చోట్ల, అది మిమ్మల్ని తోటివారికన్నా ముందు నిలబెడుతుంది. దాన్ని వదులుకోవద్దు. ముఖం మీద ఉన్న భారంలో కొంత వెన్నుకు అప్పగించండి, చాలు.

ఉన్మాదం ఉన్నట్టుండి ఊడిపడినట్టుంది

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే లోపం ఇదే, అన్నిటికన్నా ఆలస్యంగా కనిపెట్టేదీ ఇదే. జిజెల్ మీద మనసుపడ్డ హిలారియన్ కత్తి తెచ్చి ఆల్బ్రెక్ట్ గుట్టు బయటపెడతాడు, జిజెల్ జుట్టు విరబోసుకుని తిరుగుతుంది, ప్రేక్షకులకేమో మరో నృత్యం మొదలైనట్టు ఉంటుంది. జాలి పుట్టదు. అప్పుడందరూ ఉన్మాద ఘట్టాన్నే మళ్ళీ మళ్ళీ రిహార్సల్ చేస్తారు. అక్కడ ఎంత చేసినా ప్రయోజనం తక్కువ, ఎందుకంటే కారణం అక్కడ లేదు.

ఉన్మాదంలో జిజెల్ కొత్తగా చేసేది చాలా కొద్ది. అంతకుముందు ఆనందంగా చేసినవాటినే ముక్కలు ముక్కలుగా మళ్ళీ చేస్తుంది. అంకం మొదట్లో ఆల్బ్రెక్ట్ రెండు వేళ్ళు పైకెత్తి ప్రేమ ప్రమాణం చేయబోతాడు, ఆమె భయపడి ఆపుతుంది. డెయిజీ పువ్వు తుంచి ఒక్కో రేకూ తీస్తూ ప్రేమిస్తున్నాడా లేదా అని చూస్తుంది. లెక్క 'లేదు' దగ్గర తేలబోతోందని గ్రహించి పువ్వును జారవిడుస్తుంది. అతను దాన్ని తీసుకుని, గుట్టుగా ఒక రేకు తుంచేసి, 'ప్రేమే' అని తేల్చి చూపిస్తాడు. కథలో జరగబోయే మోసమంతా ఆ ఒక్క రేకులో ఉంది. మతి చలించాక ఆమె లేని పువ్వును పట్టుకుని లేని రేకులు తుంచుతుంది. అడాల్ఫ్ అడాం సంగీతం కూడా అక్కడ పాత స్వరాలనే వెనక్కి తెస్తుంది. మొదటిసారి ఆ పువ్వు ప్రేక్షకుడి కంట్లో పడకపోతే రెండోసారి ఆ వేళ్ళు గాలిలో ఏం చేస్తున్నాయో అతనికి ఎలా తెలుస్తుంది?

కాబట్టి వెనక నుంచి ముందుకు రండి. ఉన్మాదంలో ఆమె గుర్తు చేసుకునే ప్రతి సంగతినీ కాగితం మీద రాయండి: పువ్వు, ఇద్దరూ చెయ్యి పట్టుకుని వేసిన అడుగులు, బథిల్డ్ ఇచ్చిన హారం. ఒక్కొక్కటీ మొదట వచ్చిన చోటుకు వెళ్ళి అక్కడ దాన్ని స్పష్టం చేయండి. పువ్వును మొదట ఏ చేత్తో, ఎంత ఎత్తులో పట్టుకుందో తర్వాత కూడా అంతే ఉండాలి. హారాన్ని కానుకగా అందుకున్నప్పుడు ఒక్క క్షణం ఆగి తడిమి చూసుకుంటేనే, తర్వాత తెంచి విసిరినప్పుడు దానికి బరువుంటుంది.

మరణానికి కారణమేమిటో కూడా ముందే తేల్చుకోవాలి. చాలా ప్రదర్శనల్లో జిజెల్‌ది బలహీనమైన గుండె. అలాగైతే తల్లి మందలింపూ, నృత్యం మధ్యలో ఆగి గుండె మీద చెయ్యి వేసుకోవడమూ తొందరగా దాటేసేవి కావు. రాయల్ బాలే కోసం పీటర్ రైట్ రూపొందించిన ప్రదర్శనలో ఆమె కత్తితో పొడుచుకుంటుంది. అలాంటి రూపంలో కత్తి ఎక్కడ పడి ఉంది, ఆమె చూపు దాని మీద ఎప్పుడు పడింది అన్నవి ముఖ్యం. రెండు కారణాలనూ సగం సగం చూపిస్తే ఏదీ నమ్మబుద్ధి కాదు.

ఇక ఉన్మాదంలోని అడుగులు. వణకడం, కళ్ళు తిప్పడం, జుట్టు పీక్కోవడం చేర్చిన కొద్దీ పాత్ర పలచబడుతుంది. పాత అడుగు ఆకారాన్ని అలాగే ఉంచి, అందులోంచి ఒక్కటి తీసేయండి: ఒకచోట బరువు, ఒకచోట ముగింపు, ఒకచోట పక్కన ఉండాల్సిన మనిషి. సరిగ్గా నర్తించాలని శ్రద్ధగా ప్రయత్నిస్తూ అది చేతకాని జిజెల్‌ను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కత్తి మొనను పట్టుకుని నేల మీద ఈడ్చేటప్పుడు అదేమిటో ఆమెకు తెలిసినట్టు ఉండకూడదు. చుట్టూ ఉన్నవారు వెనక్కి జరగడం చూశాక తెలియాలి. చివర్లో తల్లి వైపు పరుగెత్తేటప్పుడు, చేతుల్లో వాలేముందు, ఒక్క క్షణం మతి తిరిగి వచ్చినట్టు తల్లిని గుర్తుపట్టనివ్వండి. నా దృష్టిలో ఘట్టమంతటికీ ఆ క్షణమే ప్రాణం.

సంగీతం విలపిస్తోంది, నర్తకి లెక్కపెడుతోంది

పెదవులు కదలకపోయినా లెక్క కనిపిస్తుంది. ప్రతి కదలికా తాళం మీద కచ్చితంగా పడుతుంటే మనిషికి ఏం జరగబోతోందో ముందే తెలుసన్నట్టు ఉంటుంది. ముందే తెలిసినదానికి దుఃఖం ఎలా వస్తుంది?

అంకెలు నేర్చుకోవడానికే. అడుగులు వచ్చాక అంకెలు మానేసి రాగాన్ని పైకి పాడుతూ చేయించండి. పాడితే ఊపిరి దానంతట అదే రాగంతో కలుస్తుంది. ఆ తర్వాత వరుస మార్చండి: ముందు స్వరం వినాలి, తర్వాత జ్ఞాపకం రావాలి, ఆపైన అడుగు. ఆలస్యం రెప్పపాటు కన్నా ఎక్కువ కానక్కరలేదు. కండక్టర్‌తో ముందుగా మాట్లాడుకోవాలి, లేకపోతే ఆయన నర్తకి వెనకబడిందనుకుని వేగం తగ్గిస్తాడు.

ఇదే సాధనం 'స్వాన్ లేక్'లో ఇద్దరిని వేరు చేస్తుంది. 1895లో పెటిపా, ఇవానోవ్ కూర్చిన రూపంలో హంసగా మారిన రాకుమారి ఒడెట్, ఆమె రూపంలో వచ్చి రాకుమారుణ్ణి మోసగించే ఒడీల్, ఈ పాత్రలు రెండూ ఒకే నర్తకివి. ఇద్దరికీ తేడా చిరునవ్వు ఒక్కటే అయితే ఆ పాత్రలు చెడినట్టే. ఒడెట్ వయొలిన్ స్వరం విన్నాక కదలాలి, చూపు పక్కకు జారాలి. ఒడీల్ స్వరంతో పాటే, అవసరమైతే ఒక వెంట్రుకవాసి ముందే, రాకుమారుడి కళ్ళలోకి సూటిగా చూస్తూ రావాలి.

సైగలు అర్థం కావటం లేదు

ఒక సైగ పూర్తికాకముందే మరొకటి మొదలవుతోంది, అంతే. మనసులో వాక్యాన్ని మాటమాటగా అనుకుంటూ చేయండి: ఎవరు, ఎవరిని, ఏం చేశారు. ప్రతి మాట చివరా చెయ్యి ఆగాలి. మణికట్ల దగ్గర పిడికిళ్ళు అడ్డంగా పెట్టి కిందికి దించితే మరణం, ఉంగరం వేలు చూపిస్తే పెళ్ళి, రెండు వేళ్ళు పైకెత్తితే ప్రమాణం. ఈ చివరిదాన్ని ఎప్పుడూ అస్పష్టంగా వదలొద్దు. జిజెల్‌లోనూ, ఒడీల్ ముందు రాకుమారుడు చేసే తప్పుడు ప్రమాణంలోనూ కథ తిరిగేది దాని మీదే.

కదలకుండా ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది

కెనెత్ మెక్‌మిలన్ 1965లో కూర్చిన 'రోమియో అండ్ జూలియట్'లో, మూడో అంకంలో, జూలియట్ మంచం అంచున కూర్చుని ఎదురుగా చూస్తూ ఉంటుంది. ప్రొకోఫియెవ్ సంగీతం ఉప్పెనలా లేస్తుంది, ఆమె మాత్రం కదలదు. ఇది పండనప్పుడు కారణం రెండింటిలో ఒకటి. నర్తకి కూర్చుని దుఃఖాన్ని నటిస్తూ ఉండవచ్చు, లేదా ఏమీ ఆలోచించకుండా సంగీతం అయిపోవడానికి ఎదురుచూస్తూ ఉండవచ్చు.

అక్కడ జూలియట్ ఏడవటం లేదు, ఒక నిర్ణయానికి వస్తోంది. అండగా తల్లి లేదు, తండ్రి లేడు, దాది లేదు, ఇక మిగిలింది పాద్రి ఒక్కడే. తల్లి, తండ్రి, దాది, ఈ ముగ్గురినీ సంగీతంలో మూడు చోట్ల పెట్టుకుని, ఒకరి తర్వాత ఒకరిని మనసులో వదిలేయమనండి. పొట్టలోని ఊపిరి మారితే చాలు, బయటికి తెలుస్తుంది. ఆ తర్వాత వచ్చే పరుగుకు ఈ నిశ్చలతే బలం. వేరే రూపంలో, లవ్రోవ్‌స్కీ కూర్పులో, గలీనా ఉలనోవా 1956లో లండన్‌లో జూలియట్‌గా పరుగెత్తినప్పుడు ఆమెకు 46 ఏళ్ళు. ఆ పరుగు గురించి నేటికీ చెప్పుకుంటారు.

చనిపోయిన జూలియట్ సాయం చేస్తోంది

అదే బాలే చివర సమాధిలో రోమియో, జూలియట్ చనిపోయిందనుకుని, ఆమె దేహాన్ని ఎత్తుకుని నర్తిస్తాడు. భాగస్వామి ఎత్తబోతే తానూ కొంచెం ఎగరడం నర్తకి ఒంటికి పట్టిన అలవాటు. ఆ కొంచెమే మరణాన్ని అబద్ధం చేస్తుంది. అలాగని పూర్తిగా వదిలేస్తే ఎత్తేవాడి నడుము దెబ్బతింటుంది, ఆమె జారిపడవచ్చు కూడా. పొత్తికడుపు, వీపు గట్టిగా ఉంచి, మెడ, మోచేతులు, మణికట్లు, పాదాలు మాత్రమే వదలాలి. పాదాలు ముఖ్యం: మునివేళ్ళు చక్కగా సాగి ఉన్న శవం ఉండదు. మొదట నేల మీద, తర్వాత నడుము ఎత్తులో, అన్నీ కుదిరాకే పైకి ఎత్తడం సాధన చేయండి.

అంతా సరిగ్గానే ఉంది, అయినా చప్పగా ఉంది

అప్పుడు నర్తకిని వదిలి చుట్టూ ఉన్న గుంపును చూడండి. జిజెల్ పతనాన్ని పల్లెవాళ్ళ కళ్ళతోనే మనం చూస్తాం. వారిలో ఒకరు ప్రేక్షకుల వైపు చూస్తున్నా, అందరూ ఒకేసారి ఒకేలా ఉలిక్కిపడినా, ఘట్టం బొమ్మల కొలువులా తయారవుతుంది. ప్రతి ఒక్కరికీ జిజెల్‌తో ఒక బంధుత్వం చెప్పండి: ఒకరు చిన్ననాటి స్నేహితురాలు, ఒకరు తల్లి ఇరుగుపొరుగు. ఎవరు దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోతారో, ఎవరు చూడలేక తల తిప్పుకుంటారో వాళ్ళే తేల్చుకుంటారు. ఆల్బ్రెక్ట్ బథిల్డ్ చేతిని ముద్దు పెట్టుకునే క్షణంలో మాత్రం గుంపు కదలకూడదు. ప్రేక్షకుల చూపు ఆ చేతి మీదే ఉండాలి.

జుట్టు విడిపోలేదు, లేదా ముందే విడిపోయింది

చిన్న సంగతే, కానీ ఘట్టాన్ని మొత్తంగా పాడుచేస్తుంది. చాలా ప్రదర్శనల్లో జిజెల్ తల్లి పాదాల దగ్గర కుప్పకూలినప్పుడు తల్లి పాత్రధారిణే పిన్నులు లాగుతుంది. మిగతా పిన్నులన్నీ ఒకటి రెండు పెద్ద పిన్నుల మీద ఆధారపడేలా ముడి వేయండి, ఆ పిన్నులు ఏ వైపున్నాయో తల్లి పాత్రధారిణికి ప్రతి ప్రదర్శనకూ ముందు చూపించండి. మొదటి అంకానికి స్ప్రే వాడకండి. రెండో అంకానికి చెవుల మీదుగా దువ్వి గట్టిగా ముడి వేయడానికి విరామం ఉంది.