షిన్ నొప్పి తర్వాత మళ్ళీ పరుగెత్తే ముందు

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి సిద్ధమవుతూ, మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పితో ఆగిపోయారా? బూట్లు వేసుకునే ముందు ఇవి చూసుకోండి.

• ఎముక వెంట వేలితో నొక్కుతూ రండి. నొప్పి పొడవునా పరుచుకుని ఉంటే సాధారణంగా అది షిన్ స్ప్లింట్స్, అంటే ఎక్కువ పరుగు వల్ల ఆ ఎముక వెంట వచ్చే నొప్పి. ఒక్కచోటే భరించలేనంత నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నా సలుపుతున్నా ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. అప్పుడు పరుగు వద్దే వద్దు, ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించుకోండి. ఎక్స్‌రే మామూలుగా ఉందని ధైర్యపడకండి. ఇలాంటి పగులు మొదటి వారాల్లో అందులో కనపడకపోవచ్చు, ఎంఆర్ఐ అవసరమా అని అడగండి.

• అరగంట చకచకా నడిచినా నొప్పి రాకూడదు. వస్తే ఇంకొన్నాళ్ళు సైకిలో ఈతో.

• నొప్పి మాత్ర వేసుకుని మాత్రం పరుగెత్తకండి, దయచేసి. దెబ్బ ముదురుతున్నా తెలియదు. పైగా చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీలకు ప్రమాదం.

• బూట్ల అడుగు అరిగిపోయిందేమో చూడండి.

• మొదట పార్కులో చదునైన మట్టి దారి. ఫ్లైఓవర్లు తర్వాత.

• ఆగిన వారాల దూరాన్ని ఒకేసారి పూడ్చాలని చూడకండి. ఫుల్ మారథాన్‌కి పేరిచ్చి ఉంటే, వీలైతే ఈసారికి అందులో సగం దూరమైన హాఫ్‌కి మారడమే మంచిదని నా అభిప్రాయం.