హైదరాబాద్‌లో డ్రైవింగ్ టెస్ట్: హాఫ్ క్లచ్ నుంచి హెచ్ ట్రాక్ దాకా

టెస్టు ట్రాక్ మీద సెకండ్ గేరు దాటే అవసరం దాదాపు రాదు. హెచ్ ఆకారపు దారి, ఎనిమిది ఆకారపు దారి, అప్పు (ఎత్తుకు ఎక్కే వాలు), అన్నీ మనిషి నడిచే వేగంతో చేసేవే. అందుకే నేర్చుకునే రోజుల్లో సగం సమయాన్ని బండిని అతి నెమ్మదిగా కదిలించడానికి పెట్టండి. మెయిన్ రోడ్డు మీద నలభైలో పోవడం నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. రెండు వరసల కర్రల మధ్య కారును ఆఫ్ కాకుండా, జానెడు జానెడుగా వెనక్కి తీసుకురావడం మాత్రం ఎడమ కాలికి బాగా అలవాటైతేనే వస్తుంది.

ఎల్‌ఎల్‌ఆర్ తీసుకునేటప్పుడు

ఎల్‌ఎల్‌ఆర్ అంటే లెర్నర్ లైసెన్సు, దాని గడువు ఆరు నెలలు. అది వచ్చిన 30 రోజుల తర్వాతే పక్కా లైసెన్సు టెస్టుకు రానిస్తారు. ఆరు నెలలు ఉంది కదా అని చాలామంది ఐదో నెల చివరిదాకా ఆగుతారు, చిక్కు అక్కడే మొదలవుతుంది. ఒకసారి ఫెయిలైతే మళ్లీ 7 రోజుల తర్వాతే అవకాశం. మూడుసార్లు పోతే చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. పైగా నాగోల్, కొండాపూర్ లాంటి రద్దీ ట్రాకుల్లో మనకు కావాల్సిన రోజే స్లాట్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. రెండో నెల మధ్యలో మొదటి టెస్టు పడేలా చూసుకుంటే, ఒకటి రెండుసార్లు తప్పినా ఎల్‌ఎల్‌ఆర్ గడువు లోపలే బయటపడొచ్చు.

దరఖాస్తులో క్లాసు ఎంచుకునే చోట తొందరపడొద్దు. గేరు లేని బండికి మాత్రమే తీసుకుంటే రేపు బైకు నడపడానికి ఆ లైసెన్సు పనికిరాదు. కాస్త కష్టమైనా గేరు బండి మీదే టెస్టు ఇవ్వడం మేలు. కారుకు ఆటోమేటిక్, మాన్యువల్ అని వేరే క్లాసులు లేవు. రెండూ లైట్ మోటార్ వెహికల్ కిందికే వస్తాయి.

ఇంటర్ చదివే పిల్లల ఇళ్లలో ఒక అపోహ ఉంది, 16 ఏళ్లు నిండితే గేరు లేని స్కూటీ నడపొచ్చని. చట్టం ఆ వయసుకు ఒప్పుకునేది 50 సీసీ దాటని బండికే. యాక్టివా ఇంజను 109 సీసీ. అంటే 18 నిండాల్సిందే. మైనరు పట్టుబడితే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లకో పిల్లాడికో 25 ఏళ్లు వచ్చేదాకా ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వరు. కాలేజీకి బస్ పాస్ తీసివ్వడమే నయం.

ఎల్‌ఎల్‌ఆర్ కోసం రాసే కంప్యూటర్ పరీక్షలో 60 శాతం వస్తే చాలు. అయినా రోడ్డు గుర్తుల బోర్డులు చూసి బట్టీ పట్టకండి, ఆకారంతో గుర్తుపెట్టుకోండి. ఎర్ర అంచు త్రిభుజం హెచ్చరిక. గుండ్రటి బోర్డు ఆజ్ఞ, దాన్ని మీరితే తప్పు. నీలం పలక సమాచారం. రౌండ్‌ అబౌట్ దగ్గర కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. ఈ నాలుగు తెలిస్తే సగం ప్రశ్నలు తేలిపోతాయి.

ఎల్ బోర్డు కొలతలు కూడా నియమాల్లో ఉన్నాయి. తెల్ల పలక కనీసం 18 సెంటీమీటర్ల చదరం. దాని మీద ఎర్ర అక్షరం ఎత్తు 10, మందం 2, అడుగున వెడల్పు 9 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ముందూ వెనకా రెండు చోట్లా ఉండాలి. కారులో పక్క సీట్లో లైసెన్సున్నవాళ్లు కూర్చోవాలి. బైకు మీద నేర్చుకునేటప్పుడు వెనక ఎక్కించుకుంటే అది నేర్పే మనిషినే, అదీ లైసెన్సుంటేనే. స్నేహితుణ్ని ఎక్కించుకుని తిరగడానికి ఎల్‌ఎల్‌ఆర్ ఒప్పుకోదు.

స్కూలు కారులో ఎవరి కాలు నడుపుతోంది?

డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పే మనిషి వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. అవి మీ పెడళ్లతో కేబుల్‌తో కలిసి ఉంటాయి కాబట్టి ఆయన తొక్కితే మీ కాలి కింద పెడల్ దానంతటదే దిగుతుంది. దాన్ని గమనించండి. ట్రాఫిక్‌లో బండి ఒక్కసారి కూడా ఆఫ్ కాలేదని సంతోషపడే ముందు, క్లచ్ ఎవరు తొక్కారో చూసుకోవాలి. ఖాళీ చోటుకు వెళ్లాక "సార్, కాళ్లు తీసేయండి, ఆఫ్ అయితే అవనివ్వండి" అని అడగండి. అడగడానికి మొహమాటపడితే కోర్సు అయిపోయినా క్లచ్ రాదు.

ఇప్పుడు అసలు సాధన. సీటు ముందుకు జరుపుకోండి, క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలి. మడమ నేలకు ఆనాలి. మందపాటి అడుగున్న స్పోర్ట్స్ షూ వేసుకుంటే పెడల్ కదలిక కాలికి తెలియదు, పల్చని అడుగుండేవి వేసుకోండి. చదునుగా ఉన్న ఖాళీ చోట ఫస్ట్ గేరు వేసి, కుడి కాలు బ్రేకు పైన తాకీ తాకనట్టు ఉంచి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్‌ను మెల్లగా వదలండి. ఒకచోట ఇంజను చప్పుడు కాస్త బరువెక్కుతుంది, సీట్లో సన్నటి వణుకు తెలుస్తుంది, బండి కదలాలని చూస్తుంది. హాఫ్ క్లచ్ అక్కడ. కాలు అక్కడే ఆపండి. అక్కడి నుంచి వెంట్రుకవాసి పైకి వదిలితే బండి పాకుతుంది, అంతే కిందికి నొక్కితే ఆగుతుంది.

కారు పొడవంత దూరం పోవడానికి 15 సెకన్లు పట్టేలా చేయండి. ముందుకు, వెనక్కి. ఇది వరసగా తప్పులేకుండా వచ్చేదాకా హెచ్ జోలికి పోవద్దు. కాలిన వాసన వస్తే క్లచ్ ప్లేటు వేడెక్కినట్టు. న్యూట్రల్ చేసి పది నిమిషాలు వదిలేయండి. సాధన చేసే కొద్ది రోజులు ఈ అరుగుదల తప్పదు. రోడ్డెక్కాక మాత్రం క్లచ్ మీద కాలు పెట్టి నడిపే అలవాటు ఉండకూడదు.

డీజిల్ బండి యాక్సిలరేటర్ లేకుండానే సులువుగా పాకుతుంది. పెట్రోల్ బండిలో, అందులోనూ ఏసీ వేసి ఉంటే, చిటికెడు యాక్సిలరేటర్ కావాలి. టెస్టప్పుడు ఏసీ కట్టేస్తే చిన్న ఇంజనుకు భారం తగ్గుతుంది.

అప్పులో ఆపి ఎక్కించడం

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ లోపలి వీధుల్లో ఆదివారం పొద్దున్నే వెళ్తే కావాల్సినన్ని అప్పులు దొరుకుతాయి. మొదట తక్కువ వాలు ఎంచుకోండి. వెనక ఎవరూ లేరని చూసుకుని సగంలో ఆపి, హ్యాండ్ బ్రేకు లాగండి.

ఎక్కించే వరస ఇది: క్లచ్ తొక్కి ఫస్ట్ గేరు, కొంచెం యాక్సిలరేటర్, ఇంజను వేగం చూపే మీటరులో 1,500 దగ్గర ముల్లు నిలిచేంత. క్లచ్‌ను హాఫ్ దాకా వదలండి. బానెట్ ముందు భాగం కొద్దిగా లేచినట్టు కనిపిస్తుంది. అది లేచాకే హ్యాండ్ బ్రేకు దించాలి. బండి కదిలింది కదా అని వెంటనే క్లచ్ మొత్తం వదిలేయడం వల్లే ఎక్కువసార్లు ఆఫ్ అవుతుంది. కదిలాక కూడా రెండు సెకన్లు కాలు అక్కడే నిలపండి, తర్వాత నిదానంగా వదలండి. బానెట్ లేవకముందే హ్యాండ్ బ్రేకు దించితే వెనక్కి జారుతుంది. టెస్టులో చూసేది ఆ జారుడునే.

కొత్త కార్లలో హిల్ హోల్డ్ ఉంటుంది. బ్రేకు వదిలాక రెండు సెకన్ల పాటు బండిని పట్టి ఉంచుతుంది. దాని మీదే నేర్చుకుని, టెస్టుకు అది లేని స్కూలు కారులో వెళ్తే కష్టం. హ్యాండ్ బ్రేకు పద్ధతి ఏ కారుకైనా పనికొస్తుంది.

హెచ్, ఎనిమిది

హెచ్‌లో ఉన్నదంతా ఒక నిలువు దారిలో ముందుకు పోవడం, వెనక్కి వస్తూ అడ్డదారిలోకి తిప్పడం, అవతలి నిలువు దారిలోకి రివర్స్‌లోనే చేరి బయటికి రావడం. ఏ నిలువు దారి నుంచి మొదలుపెట్టాలన్నది ట్రాక్‌ను బట్టి మారుతుంది కాబట్టి మీకన్నా ముందున్న రెండు మూడు బండ్లను శ్రద్ధగా చూడండి.

స్కూళ్లలో "మూడో కర్ర వెనక అద్దంలో కనిపించగానే రౌండున్నర తిప్పు" అని గుర్తులు నేర్పుతారు. ఆ గుర్తులు ఆ కారుకు, ఆ సీటు ఎత్తుకు, ఆ మనిషికే సరిపోతాయి. కారు మారినా, సీటు రెండు అంగుళాలు జరిగినా తప్పుతాయి. వాటికి బదులు వెనక చక్రాన్ని నమ్ముకోండి. సైడు అద్దాలు రెండూ కొంచెం కిందికి దించుకుంటే వెనక చక్రం, దాని పక్క గీత కనిపిస్తాయి. వెనక చక్రం మలుపు మూలకు సమానంగా వచ్చినప్పుడు స్టీరింగ్ మొత్తం తిప్పాలి. మామూలు చిన్న కార్లలో నిటారు నుంచి చివరిదాకా సుమారు ఒకటిన్నర రౌండు.

తొందరపడి ముందే తిప్పితే లోపలి వైపు వెనక డోరు మూల కర్రను తాకుతుంది. ఆలస్యమైతే వెనక భాగం అవతలి అంచుకు పోతుంది. రివర్స్‌లో కుడికి తిప్పినప్పుడు బండి ముక్కు ఎడమకు ఊగుతుందన్నది కొత్తవాళ్లు మరిచిపోయే సంగతి. చూపు మొత్తం వెనకే ఉంటుంది, ముందు బంపర్ వెళ్లి కర్రను గీస్తుంది. కాబట్టి తిప్పిన ప్రతిసారీ ముందు మూలను ఒకసారి చూసుకోవాలి. బండి దారికి పూర్తిగా సమాంతరం అయ్యేదాకా ఆగి స్టీరింగ్ వెనక్కి తిప్పితే అప్పటికే వంకర పోయి ఉంటుంది. ఇంకొంచెం మిగిలి ఉండగానే తిరిగి నిటారు చేయడం మొదలుపెట్టండి.

ఇంటి దగ్గర సాధనకు ఖాళీ నీళ్ల సీసాలు చాలు, గాలికి పడకుండా కొంచెం ఇసుక పోయండి. చిన్న కారు వెడల్పు ఐదున్నర అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. మొదట పది అడుగుల దారి పెట్టుకుని తర్వాత ఎనిమిదికి తగ్గించండి.

ఎనిమిది ముందుకే కనుక సులువు. మలుపులో లోపలి వెనక చక్రం, ముందు చక్రం కన్నా లోపలికి కోస్తుంది. అందుకని బయటి గీతకు దగ్గరగా నడపాలి. రెండు వలయాలు కలిసే మధ్య భాగంలో చేతులు మార్చే పని పూర్తి కావాలి.

బైకు, స్కూటర్

ఇక్కడ ఫెయిలవడానికి ముఖ్య కారణం కాలు కింద పెట్టడం. ఫస్ట్ గేరు, సన్నగా నిలకడగా యాక్సిలరేటర్, హాఫ్ క్లచ్, వెనక బ్రేకు మీద తేలికపాటి ఒత్తిడి. ఈ నాలుగూ కలిస్తే బండి నెమ్మదిగా పోతున్నా ఒరగదు. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు నొక్కితే పడిపోతారు. చక్రం ముందున్న నేలను చూడకండి, మలుపు దాటాక వచ్చే చోటును చూడండి. మెడ తిరిగిన వైపే బండి తిరుగుతుంది.

2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన 125 సీసీ దాకా ఉన్న చాలా బండ్లలో కాంబి బ్రేకు ఉంటుంది. స్కూటర్ మీద ఎడమ లీవర్ నొక్కితే ముందు చక్రానికి కూడా కొంత బ్రేకు పడుతుంది. మలుపులో దాన్ని వేలితో తాకినంత మెత్తగానే వాడాలి. హెల్మెట్ లేకుండా ట్రాక్ దగ్గరికే వెళ్లొద్దు.

టెస్టు రోజు

ఎల్‌ఎల్‌ఆర్, స్లాట్ కాగితం, బండి ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్. ఇన్సూరెన్సు తేదీ ముందురోజు రాత్రే చూసుకోండి. బ్రేకు లైటు, ఇండికేటర్లు, హారన్ పనిచేయాలి. నలభై దాటినవాళ్లు డాక్టర్ సంతకంతో మెడికల్ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోవాలి. టైర్లలో గాలి సరిగ్గా కొట్టించండి, గాలి తగ్గితే తక్కువ వేగంలో స్టీరింగ్ బరువెక్కుతుంది. స్కూలు కారులో వెళ్తుంటే చివరి రెండు క్లాసులు అదే కారులో ఇమ్మని అడగండి.

కూర్చోగానే సీటు, అద్దాలు, బెల్టు, న్యూట్రల్, ఆ తర్వాతే స్టార్ట్. కదిలే ముందు ఇండికేటర్. ఇన్‌స్పెక్టర్ చూసేవాటిలో ఇవి కూడా ఉంటాయి. గేటు బయట ఎవరైనా "నేను చూసుకుంటా" అని డబ్బులడిగితే ఇవ్వొద్దు. బండి నడపడం రాకుండా వచ్చిన లైసెన్సు మీకూ ప్రమాదమే, రోడ్డు మీద ఉన్నవాళ్లకూ ప్రమాదమే.

ఫెయిలైతే ఎక్కడ పోయిందో అక్కడే అడిగి తెలుసుకోండి. కర్ర తగిలిందా, ఆఫ్ అయిందా, సిగ్నల్ ఇవ్వలేదా అన్నదాన్ని బట్టి ఆ వారం సాధన మారాలి. ఆఫ్ అయితే మళ్లీ క్లచ్ సాధన, కర్ర తగిలితే సీసాలు.

పాసయ్యాక కార్డు పోస్టులో ఇంటికొస్తుంది కాబట్టి దరఖాస్తులో చిరునామా, ఫోను నంబరు సరిగ్గా ఉండాలి. రాగానే క్లాసులన్నీ పడ్డాయా, పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా చూసుకోండి. గడువు వయసును బట్టి ఉంటుంది: ముప్పై లోపువాళ్లకు 40 ఏళ్లు వచ్చేదాకా, ముప్పై నుంచి యాభై లోపు వాళ్లకు పదేళ్లు.