గిటార్ నెక్‌కి మెరుపు కన్నా జారుడు ముఖ్యం

ఇంట్లో గిటార్ చేసుకునేవాళ్ళు బాడీకి కొట్టిన లాకర్‌నే (గట్టిగా ఆరి మెరిసే వార్నిష్ లాంటి పూత) నెక్‌కీ, అంటే చేత్తో పట్టుకునే పొడవాటి మెడ భాగానికీ, కొట్టేస్తుంటారు. చూడ్డానికి అద్దంలా ఉంటుంది, కానీ చెమట చేతికి బొటనవేలు అతుక్కుంటుంది. విజయవాడ, విశాఖల ఉక్కపోతలో వాయించేవాళ్ళకి ఇది మరీ ఇబ్బంది. అందుకే నెక్ వెనక భాగానికి నేను నూనె ఫినిషే వాడమంటాను. టంగ్ ఆయిల్ (టంగ్ చెట్టు గింజల నూనె) గానీ, బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ (త్వరగా ఆరేలా తయారుచేసిన అవిసె నూనె) గానీ తీసుకోండి. గానుగలో అమ్మే పచ్చి అవిసె నూనె మాత్రం వద్దు, అది ఆరడానికి వారాలు పడుతుంది.

ముందు 320 నంబరు శాండ్‌పేపర్‌తో రుద్ది, తడిగుడ్డతో ఒకసారి తుడవండి. ఆరాక చెక్క మీద నూగులా లేస్తుంది. దాన్ని 400తో తీసేశాకే నూనె పట్టించాలి. గుడ్డతో పల్చగా రాసి, పావుగంటాగి మిగిలిందంతా తుడిచేయండి. ఆ తుడవడం దగ్గరే చాలామంది తొందరపడతారు, మిగిలిన నూనె జిగురై కూర్చుంటుంది. పూతకీ పూతకీ మధ్య కనీసం ఒక రోజు. మూడు నాలుగు పూతలు చాలు.

ఫింగర్‌బోర్డు (నెక్ ముందువైపు, తీగల్ని నొక్కే పలక) రోజ్‌వుడ్ చెక్కదైతే ఈ పూతలు అక్కర్లేదు, టేపు వేసి కప్పేయండి. మేపుల్ చెక్కదైతే దానికీ పూత కావాలి, లేకపోతే వేళ్ళ మురికి పట్టి నల్లబడుతుంది.

ఇంకోటి, దయచేసి మర్చిపోవద్దు: నూనె గుడ్డల్ని ఉండ చుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. బయట విడివిడిగా పరిచి ఆరేసి, గట్టిపడ్డాకే పారేయండి.