ఆర్సెనిక్, తెల్లరక్తకణాలు – మూడో పాఠం: మోతాదు లెక్క

ఆర్సెనిక్ రూపాల్లో ఒకటైన ఆర్సెనైట్ కణంలోకి ఎలా దూరుతుందో, గంధకం ఉన్న ప్రోటీన్లను ఎలా పట్టుకుంటుందో రెండో పాఠంలో చూశాం. ఇప్పుడు దాన్ని టి-కణాలకు (తెల్లరక్తకణాల్లో ఒక రకం) ఎంత ఇవ్వాలో తేల్చుకుందాం. ఇక్కడ తప్పితే ఆ తర్వాత ఎంత జాగ్రత్తపడినా లాభం లేదు.

నీటి రిపోర్టులో లీటరుకు మైక్రోగ్రాములని రాస్తారు, ల్యాబులో మైక్రోమోలార్ (లీటరుకు ఎన్ని మైక్రోమోల్‌లు) అంటారు. ఆర్సెనిక్ పరమాణు భారం 74.92 కాబట్టి 75తో భాగిస్తే చాలు. తాగునీటికి హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే 0.13 మైక్రోమోలార్. గడ్చిరోలికి ఆనుకునే ఉన్న అంబాగఢ్ చౌకీ వైపు కొన్ని బోర్ల నీళ్లు ఈ హద్దు దాటినవే. అయితే నీటిలో 150 ఉందని కణాలకు 2 మైక్రోమోలార్ పోసేయకండి. తాగినదంతా రక్తంలో నిలవదు. కాలేయం దాన్ని మిథైల్ రూపాలుగా మారుస్తుంది, చాలా భాగం మూత్రంలో పోతుంది. 0, 0.1, 0.5, 1, 2 మైక్రోమోలార్ అనే వరస పెట్టుకోండి.

సోడియం ఆర్సెనైట్ 13 మి.గ్రా. తూచి 10 మి.లీ. స్టెరైల్ నీటిలో కరిగిస్తే 10 మిల్లీమోలార్ స్టాక్ (పలచన చేసుకునే చిక్కటి ద్రావణం) వస్తుంది. తూకం చేతొడుగులతో, ఫ్యూమ్ హుడ్‌లోనే. దీన్ని వందరెట్లు పలచన చేసి, అందులోంచి 10 మైక్రోలీటర్లు 1 మి.లీ. కల్చర్‌లో వేస్తే 1 మైక్రోమోలార్. పలచన చేసింది ఏ రోజుది ఆ రోజే వాడాలి. నిలవుంచితే ఆర్సెనేట్ అనే మరో రూపంగా మారుతుంది, దాని పని తీరే వేరు.

రక్తం దాత రాతపూర్వక అనుమతితో హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ఉన్న ట్యూబులో తీసుకోండి. అహేరిలో తీసి చంద్రపూర్ తెస్తుంటే మే నెల ఎండే అసలు శత్రువు. 45 డిగ్రీల్లో జీపు డాష్‌బోర్డు మీద పెట్టిన ట్యూబు ఎందుకూ పనికిరాదు. అలాగని ఐసులోనూ పెట్టొద్దు. చల్లబడిన రక్తంలో గ్రాన్యులోసైట్లు (మనకు అక్కర్లేని మరో రకం తెల్లరక్తకణాలు) ఫైకాల్ (కణాలను సాంద్రతను బట్టి వేరుచేసే ద్రవం) మీది పొరలోకి కలిసిపోతాయి. థర్మోకోల్ పెట్టెలో 18–25 డిగ్రీల మధ్య ఉంచి, 8 గంటల్లోపు కణాలను వేరుచేయండి.

మి.లీ.కు 10 లక్షల కణాలు, 10 శాతం సీరం. ఆర్సెనైట్ ముందు, పీహెచ్‌ఏ (టి-కణాలను విభజనకు పురిగొల్పే పదార్థం, మి.లీ.కు 5 మైక్రోగ్రాములు) తర్వాత. ఐఎల్-2 (టి-కణాలు విడుదల చేసే, వాటి విభజనకు తోడ్పడే ప్రోటీన్) కోసం కణాల మీది ద్రవం 24 గంటలకే తీయాలి. ఆలస్యమైతే విభజిస్తున్న కణాలే దాన్ని వాడేసుకుంటాయి, ఆర్సెనిక్ తగ్గించిందని మీరు పొరబడతారు. విభజన మాత్రం 72 గంటలకు చూడండి.

మీడియంలో అలవాటుగా మెర్కాప్టోఇథనాల్ కలిపే ల్యాబులున్నాయి. ఇక్కడ అది వద్దు. అందులోని గంధకమే ఆర్సెనైట్‌ను పట్టేసుకుంటే కణాలకు చేరేది తగ్గుతుంది, ‘ప్రభావం లేదు’ అనే తప్పుడు ఫలితం వస్తుంది.

ప్రతి మోతాదుకూ ట్రిపాన్ బ్లూతో (చచ్చిన కణాలకే పట్టే నీలి రంగు) బతికున్నవి లెక్కపెట్టండి. 90 శాతం కంటే తక్కువైతే మీరు కొలుస్తున్నది రోగనిరోధక శక్తి తగ్గడం కాదు, కణాల చావు. ఆ మోతాదును పక్కన పెట్టాలి.

వాడిన మీడియం సింకులో పోయకుండా, ఆర్సెనిక్ అని రాసిన సీసాలో పోసి ఉంచండి. మాక్రోఫేజ్‌ల పాఠంలోనూ అదే సీసా వాడతాం.