రోడ్ బైక్‌కి (రేసింగ్ తరహా సైకిల్‌కి) ఎలక్ట్రానిక్ గేర్లు: రాయగడ, కొరాపుట్ వైపు మనకి షిమానో నా, స్రామ్ నా?

బ్రాండ్ సంగతి తరవాత, ముందు మీ బైక్ వెనక చక్రం చూడండి, సగం నిర్ణయం అక్కడే అయిపోద్ది. షిమానో ఎలక్ట్రానిక్ సెట్ 105 డీఐ2 12 స్పీడే (వెనక 12 గేర్లు) అయినా దాని క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్ల చక్రాల గుత్తి) పాత 11 స్పీడ్ హబ్ (చక్రం మధ్య భాగం) మీద ఎక్కుతుంది. స్రామ్ ఎలక్ట్రానిక్ సెట్ రైవల్ ఏఎక్స్ఎస్ క్యాసెట్ 10 పళ్లతో మొదలవుద్ది కాబట్టి ఎక్స్‌డీఆర్ రకం ఫ్రీహబ్ బాడీ (హబ్‌లో క్యాసెట్ ఎక్కే భాగం) కావాలి, మీ హబ్‌కి అది దొరక్కపోతే చక్రమే మార్చాలి, గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల మొత్తం సెట్) రేటు చూసి మురిసిపోయేటప్పుడు ఈ ఖర్చు ఎవరికీ గుర్తుండదు.

ఇక అసలు తేడా బ్యాటరీలో. షిమానోలో లీవర్లు (హ్యాండిల్ మీది గేర్ మీటలు) వైర్‌లెస్సే గానీ ముందు వెనక డీరైలర్లు (చెయిన్‌ని ఒక గేర్ నుంచి ఇంకోదానికి జరిపేవి) రెండూ సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) లోపలున్న ఒకే బ్యాటరీకి వైర్లతో కలుస్తాయి, అంటే ఫ్రేమ్‌లో వైరు వెళ్లే దారి ఉండాలి, ఛార్జింగ్‌కి బైక్‌నే ప్లగ్ దగ్గరకి తేవాలి. ఒక ఛార్జ్‌కి సుమారు 1000 కిలోమీటర్లు వస్తుంది, రోజూ ఇంటికి చేరేవాళ్లకి ఇది చాలా హాయి, ఛార్జింగ్ అనేదే మర్చిపోతారు (అదే దాంతో చిక్కు కూడా). చార్జ్ అయిపోతుంటే ముందు డీరైలర్ ఆగిపోద్ది, వెనకది ఇంకాసేపు పనిచేస్తుంది.

స్రామ్‌లో ఏ డీరైలర్ బ్యాటరీ దానిదే, చేత్తో లాగితే వచ్చేస్తుంది. వెనకది 60 గంటల దాకా వస్తుందంటారు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కుతుంటే వెనకది చచ్చిపోయిందనుకోండి, ముందుది పీకి వెనక పెట్టుకుని వెళ్లిపోవచ్చు, చెయిన్‌ని పెడల్ దగ్గరి చిన్న రింగ్‌లో ఉంచేస్తే చాలు. లాడ్జిలో బైక్ కిందే ఉంచినా బ్యాటరీలు గదిలో ఛార్జ్ చేసుకోవచ్చు. కానీ బైక్‌ని బస్సు మీదో బొలెరోలోనో వేసినప్పుడు బ్యాటరీలు తీసెయ్యండి, కుదుపులకి అవి నిద్ర లేచి ఊరికే ఛార్జ్ తినేస్తాయి. స్రామ్ లీవర్లలో వాడే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మన పార్వతీపురం, జయపురంలో ఏ వాచీల కొట్లో అడిగినా ఉంటుంది. షిమానో లీవర్లకి వాడే సీఆర్1632 బిళ్ల ఆన్‌లైన్‌లో తెప్పించుకుని రెండు దగ్గర పెట్టుకోవడం మేలు.

దేవ్‌మాలి కొండ వైపు ఎక్కేవాళ్లు గేర్ల లెక్క కూడా వేసుకోండి. రైవల్‌లో ముందు 33 పళ్లు, వెనక 36 వస్తుంది, 105లో 34కి 36. ముందుదాన్ని వెనకదాంతో భాగిస్తే రెండూ ఒకటి కన్నా తక్కువే, మోకాళ్లకి పెద్ద తేడా తెలీదు. ముందు రింగ్ మారడంలో మాత్రం నా ఓటు షిమానోకే, లోడ్‌లో కూడా శుభ్రంగా మారుద్ది. బ్రేక్ ఆయిల్ సంగతి: స్రామ్‌కి డాట్ ఫ్లూయిడ్, షిమానోకి మినరల్ ఆయిల్, ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పోతాయి, డాట్ పెయింట్ మీద పడితే పెయింటూ పోద్ది. మామూలు బైక్ మెకానిక్కి ఇస్తే పక్కనే నిలబడి చూసుకోండి.

పాత వీల్స్ మీద రోజూ తిరిగేవాళ్లకి 105 డీఐ2, ఊళ్లు దాటి రోజుల తరబడి తిరిగేవాళ్లకి, ఫ్రేమ్‌లో వైర్ దారి లేనివాళ్లకి రైవల్. క్యాంపాగ్నోలో అనే ఇంకో బ్రాండ్ అందంగానే ఉంటుంది గానీ, పార్ట్ ఒకటి విరిగితే మన వైపు నుంచి వెతకడమే ఓ ప్రయాణం. ఏది కొన్నా డబ్బు కట్టే ముందు మీ ఫ్రేమ్‌కి సరిపోయే డీరైలర్ హ్యాంగర్ (వెనక డీరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క) ఒకటి ఎక్స్‌ట్రా అడిగి తీసుకోండి, ఫ్రేమ్‌కో రకం ఉంటుంది, ఘాట్‌లో బైక్ కుడివైపు పడితే ముందు వంగేది అదే.